దోలోన్ కనుమకి నాలుగు టైర్లు

ఇరవై మూడు. టైర్ల మేస్త్రీ కాసిమ్ ఉస్తా సుద్దముక్కతో ముందు అద్దం మీద రాసి వెళ్ళిన అంకె, లోపల స్టీరింగు ముందు కూర్చున్న అనార్‌కుల్‌కి తిరగబడి కనిపిస్తోంది. షాపులో జాకీ మీదున్నది పదహారో బండి. అంటే ఇంకా ఆరు, ఒక్కోటీ పది నిమిషాలనుకున్నా గంట, ఆ గంటలో ఏ టైర్లు వేయించాలో తేల్చుకోవాలి, తేల్చుకుని వెనక సీట్లో ఉన్న అత్తగారికి చెప్పాలి, చెప్పాలంటే పోయిన చలికాలం నుంచి కడుపులో దాచుకున్న మాట ఒకటి పైకి తియ్యాలి. రాత్రి మొదటి మంచు పడింది. అంతే, నరీన్ ఊరు ఊరంతా జన్మలో మంచు ఎరగనట్టు, తెల్లారేసరికి వంతెన దగ్గర్నుంచి రొట్టెల కొట్టు దాకా బారు తీరింది. సెప్టెంబరు నుంచీ కాసిమ్ మొత్తుకుంటూనే ఉంటాడు, ముందే రండి బాబూ, ఖాళీగా ఉన్నాను, టీ పోసి మరీ మారుస్తాను అని. ఒక్కడూ రాడు. ఎండ కాస్తుండగా చలికాలం టైర్లు వేయించుకునేవాణ్ణి ఈ ఊళ్ళో పిరికివాడంటారు. ఇప్పుడు ఆ ధైర్యవంతులందరూ హారన్లు కొడుతూ ఒకరి ముందుకొకరు దూరబోతున్నారు.

అత్తగారి పక్కన గోనెసంచిలో ఒక టైరు, డిక్కీలో కుక్కిన మూడు. మగాళ్ళ షాపుకి కోడలు ఒక్కతే వెళ్ళడమేంటని ఆవిడ తనూ బయల్దేరింది, రెండు శాలువాలు కప్పుకుని, ఫ్లాస్కులో టీ పట్టుకుని, జేబు నిండా కురుత్ ఉండలు వేసుకుని. ఎండిన పెరుగు ఉండ బుగ్గన పెట్టుకుంటే ఇక ఆవిడ నోరు ఆగదు. "ఏమ్మా, ఇంట్లో సామాన్ల కొట్లో నాలుగు టైర్లు పడుంటే మళ్ళీ కొత్తవెందుకంట? పోయిన చలికాలమేగా కొన్నావు నాలుగూ? ఒక్కసారి వాడగానే పాతబడ్డానికి అవేమైనా కాగితప్పువ్వులా?" పొద్దున్న కొట్లోంచి ఆ నాలుగూ దొర్లించుకొచ్చి బండిలో పెట్టించింది కూడా ఆవిడే. కోడలు వద్దనలేకపోయింది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చూద్దాం అపా, ఉస్తాని అడుగుదాం, అంది. చూద్దాం అనే మాట మీద పది నెలలుగా బతుకుతున్న మనిషి ఇంకేమంటుంది.

పది నెలలు. జనవరి. దోలోన్ దిగే మలుపు, అటువైపు, కొచ్కోర్ వైపు. ఆ రోజు ఎండ బాగా కాసింది, మంచు మీద పడి కళ్ళు చెదిరేంత. అత్తగారి తమ్ముడు ఎసెన్‌కి డెబ్బై నిండిన విందు. కూతురు బెగిమై వెనక కూర్చుని తాతకి చెప్పాల్సిన పద్యం వల్లె వేస్తోంది, ప్రతిసారీ మూడో పాదం దగ్గర తడబడుతోంది, తను అందిస్తోంది. భర్త సగిన్ నడుపుతున్నాడు. అత్తగారు ముందు సీట్లో, ఎడమవైపు. జపాన్ నుంచి వచ్చిన కుడి స్టీరింగు బండి, రోడ్డు మాత్రం కుడివైపు నడిచేది, అందుకని ముందు లారీ అడ్డం ఉంటే ఎదురొచ్చేది డ్రైవరుకి కనబడదు, ఎడమ సీట్లో ఉన్నవాళ్ళకే కనబడుతుంది. ఆ సీటు అత్తగారిది. మెడ బయటికి సాచి చూసి "ఖాళీయేరా, పోనీ" అంటుంది, ఆవిడ అన్నాకే సగిన్ తప్పిస్తాడు, పెళ్ళయిన కొత్తలో ఆ తల్లీకొడుకుల వరస చూసి అనార్‌కుల్ ఎంత నవ్వుకునేదో. ఆ మలుపులో లారీ లేదు, ఎదురొచ్చింది లేదు, ఏమీ లేదు. సగిన్ కొంచెం బ్రేకు వేశాడు, అంతే, బండి వెనక భాగం తనకేం సంబంధం లేనట్టు పక్కకి జరగడం మొదలెట్టింది. అద్దంలో కొండ, తర్వాత వచ్చిన దారి, తర్వాత లోయ, మళ్ళీ కొండ. నింపాదిగా. బెగిమై మూడో పాదం మధ్యలో ఆగిపోయింది. తర్వాత మంచుగట్టు, దెబ్బ, ఫ్లాస్కు దొర్లుతున్న చప్పుడు, "అమ్మా, నా చెయ్యి లేవట్లేదు."

భుజం దగ్గరి ఎముక విరిగింది. అతుక్కుంది, పిల్లలకి తొందరగా అతుక్కుంటుందిలే అన్నారు, అతుక్కుంది, బరువు కూడా ఎత్తుతోంది. కానీ బండి ఎక్కేముందు ప్రతిసారీ అడుగుతుంది, అమ్మా, ఇది తిరిగిపోతుందా? తిరగదమ్మా. ప్రమాణంగా? ప్రమాణంగా. ఆ ప్రమాణాలన్నీ ఎక్కడ పోగవుతున్నాయో. ఆ రోజు సగిన్ ముందు పిల్లని తీసి అనార్‌కుల్ ఒళ్ళో పెట్టాడు, తర్వాత అమ్మ నుదురు చూశాడు, అద్దానికి కొట్టుకుని బొప్పి కట్టింది, తర్వాత బండి వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, చేతితొడుగు లాగేసి, వెనక చక్రానికి అంటుకున్న మంచుని ఉత్త చేత్తో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. ఇరుసేమైనా విరిగిందేమో చూస్తున్నాడనుకుంది. లేచొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "నా తప్పే" అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. ఈలోగా అత్తగారు మొదలెట్టింది, రాత్రంతా లారీ నడిపొచ్చి పొద్దున్నే మళ్ళీ స్టీరింగు పట్టుకుంటావా, కునుకు తీశావురా నువ్వు, నా మనవరాల్ని చంపబోయావు. ఆ మాటల కింద తన మాట ఎక్కడో పడిపోయింది. సాయంత్రం ఆసుపత్రి వరండాలో అత్తగారు అడిగింది, టైర్లు మార్పించావు కదా? మార్పించాను అపా. నాలుగూ కొత్తవే? నాలుగూ కొత్తవే. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. అంతకు ముందు రోజు సగిన్ అడిగినప్పుడు మాత్రం అబద్ధం చెప్పలేదు తను. టైర్లు మార్పించావా అన్నాడు, మార్పించానంది. ఎన్ని అని అతను అడగలేదు, తను చెప్పలేదు. పది నెలలుగా ఆ ఒక్క ముక్కనీ పట్టుకుని వేళ్ళాడుతోంది.

రెండు. ముందు రెండే మార్పించింది. వెనకవి పాతవే, నున్నబడి, గట్టిపడి, ఆరు చలికాలాలు చూసినవి. నాలుగింటికీ సరిపడా తీసుకునే బయల్దేరింది ఇంట్లోంచి, మధ్యలో బజారు తగిలింది, బజారులో కోటు తగిలింది. డెబ్బై నిండిన మేనమామ భుజాల మీద కొత్త చపాన్ కప్పకుండా ఎలా, అదీ మామూలుది కాదు, మఖమలు మీద పొట్టేలు కొమ్ముల కుట్టుపని ఉన్నది, నలుగురి ముందూ కప్పేది, కప్పిన తర్వాత నలుగురూ అంచు పట్టుకుని గుడ్డ నలిపి చూసేది. అత్తగారు వారం ముందు నుంచీ అంటూనే ఉంది, మా తమ్ముడి ముందు నా తల కొట్టేసినట్టు చెయ్యకు తల్లీ, మంచిది చూడు. చూసింది. తీసుకుంది. ఆ తర్వాత టైర్ల కొట్టుకి వెళితే చేతిలో రెండింటికే మిగిలింది, ఇక అక్కడున్నవాళ్ళు అనేదీ ఒకటే, ముందు చక్రాలే కదండీ లాగేవి, ముందు రెండూ బాగుంటే చాలు, ఊళ్ళో సగం బండ్లు అలాగే తిరుగుతున్నాయి. తిరుగుతున్నాయి నిజమే. తిరిగిపోతున్నాయి కూడా. ఆ కోటు డిక్కీలో ప్లాస్టిక్ కవరులో ఉంది ఆ రోజు. చిన్న ముడత పడలేదు దానికి. సాయంత్రం నుదుటికి కట్టు కట్టుకుని మరీ వెళ్ళి అత్తగారు తమ్ముడికి కప్పొచ్చింది, అందరూ భలే ఉందన్నారట.

"ఎజె, అద్దం దించు." అక్కా అన్నట్టు పిలిచింది కాసిమ్ ఉస్తా. చలికి ముక్కు ఎర్రబడి, చేతులు మోచేతుల దాకా నల్లబడి. ఆమె మందుల షాపులో దగ్గుమందు కొనేటప్పుడు ఎంత వినయంగా నిలబడతాడో, ఇక్కడ తన రాజ్యంలో అంత దర్జాగా నిలబడతాడు. "ఏవి నీ టైర్లు? ముందే చూస్తే పని తొందరగా తెములుతుంది." వెనక తలుపు తీసి గోనెసంచి విప్పాడు, డిక్కీ తీసి మూడూ కిందకి దించాడు, మంచు మీద వరసగా నిలబెట్టాడు, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. అనార్‌కుల్ దిగి అతని పక్కకి వెళ్ళి నిలబడింది, అత్తగారికి మాటలు వినబడకుండా అడ్డం ఉండాలని. "ఇవి నాలుగు కాదు ఎజె," అన్నాడు కాసిమ్. "రెండూ రెండూ. ఇవి మేకులున్నవి, కొత్తవే, ఒక్క చలికాలం కూడా తిరగలేదు. అవి మెత్తవి, జపాన్‌లో వాడి పారేసినవి. మేకులు ముందు పెట్టి మెత్తవి వెనక పెట్టావనుకో, ముందుది పట్టుకుంటుంది, వెనకది పట్టుకోదు. తోక తిరిగిపోతుంది. వెనక్కి మేకులు పెట్టావనుకో, మలుపులో స్టీరింగు తిప్పినా బండి తిన్నగా పోతుంది. ఎవరు కొన్నారివి ఇలా?" అతను ఆమె మొహం చూశాడు, బండిలో ముసలావిడ వైపు చూశాడు, గొంతు తగ్గించాడు. "సర్లే. ఎక్కడికెళ్ళాలి? ఊళ్ళోనేనా?" దోలోన్ దాటి, రేపు, అంది. అతను నాలుక చప్పరించి, రా, చూపిస్తా, అన్నాడు.

ఆ మెత్త టైర్లు రెండూ కొచ్కోర్‌లో వేయించినవి, బెగిమైకి కట్టు కడుతున్న పూట, సగిన్ పిల్ల దగ్గర కూర్చుని ఉండగా. వెనక పాతవి రెండూ అక్కడే పారేసి, చౌకగా దొరికినవి రెండు వేయించి, చేతులు కడుక్కుంది. మర్నాడు బండి చుట్టూ నాలుగూ నల్లగా కొత్తగా ఉన్నాయి, ఇంక ఎవరికి తెలుస్తుంది అనుకుంది. ఎండాకాలం మార్చినప్పుడు వాటిని కొట్లో ఒకదాని మీద ఒకటి పేర్చింది సగినే. పధ్నాలుగేళ్ళు తొరుగార్త్ కనుమ ఎక్కి చైనా సరిహద్దు దాకా లారీ తోలిన మనిషి. టైరు చప్పుడు విని గాలెంతుందో చెప్పగల మనిషి. రెండు మేకులవీ రెండు మేకుల్లేనివీ తన చేతుల్తో పేర్చి, ఏమీ అడగలేదు. మనసు బాగాలేదు, చూసుకోలేదు, అనుకుంది తను. అనుకోవడం ఎంత సుఖం.

షాపు లోపల గోడ నిండా టైర్లు. రబ్బరు వాసన, స్టవ్ మీద టీ వాసన. కాసిమ్ చూపించాడు, ఇవి గొప్పవి, దూరదేశం నుంచొచ్చినవి, మేకులు ఊడనే ఊడవు, వీటి ధర నువ్వు అడగొద్దు నేను చెప్పను. ఇవి రష్యా నుంచి, బరువు ఎక్కువ, చప్పుడు ఎక్కువ, పాపం నమ్మకస్తులు. ఇవి చైనావి, కొత్తవి, మేకులున్నాయి, మామూలువి, అటు గొప్పా కాదు ఇటు చెడ్డా కాదు. ఇవి జపాన్‌వి, మెత్తవి, వాడినవే గానీ చూడు ఎజె, గాట్లు ఎంత లోతుగా ఉన్నాయో, ఎవరో ముసలాయన వారానికోసారి బజారుకెళ్ళి కూరలు తెచ్చుకున్నవి, ఆ పైన పూజలో పెట్టుకున్నాడేమో కూడా! అతనికి నవ్వొచ్చింది, ఆమెకి రాలేదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, తయారైన వారం, సంవత్సరం. పొద్దస్తమానం మందుపెట్టెల మీద తేదీలు చూసే కళ్ళు వాటంతటవే అక్కడికి వెళ్ళాయి. పదకొండేళ్ళ కిందటివి. బొటనవేలి గోరు నొక్కి చూసింది. దిగలేదు. కొంటానికి వచ్చినవాళ్ళకి రోజూ తనే చెబుతుంది, పైకి బాగానే ఉంటుందండీ, తేదీ చూసి పడెయ్యండి, లోపల పనిచెయ్యదు అని. ఎంత ధీమాగా చెబుతుంది. గొప్పవి రెండు కొనే బదులు మామూలువి నాలుగు కొనాలన్న ముక్క చిన్నపిల్లకైనా తెలుస్తుంది, అది తెలియక కాదు కదా పోయిన చలికాలం జరిగింది. "ఆ రెండూ రెండూ నాకిచ్చెయ్యి ఎజె, లెక్కలో తగ్గించుకుంటా, చైనావి నాలుగు పట్టుకెళ్ళు," అన్నాడు కాసిమ్. ఆలోచించుకుని చెబుతాను అంది. అందులో ఆలోచించుకోవాల్సింది ఏముందో కాసిమ్‌కి అర్థం కాలేదు.

మళ్ళీ వచ్చి బండిలో కూర్చుంది. పంతొమ్మిదోది జాకీ ఎక్కింది. అద్దం మీద మంచు రవ్వలు పడి కరిగి జారుతున్నాయి, సుద్ద అంకె ఒక కాలు కారిపోయింది. నాలుగు కొత్తవి అంటే అత్తగారు అడుగుతుంది, మరి పోయిన చలికాలపు నాలుగూ ఏమైనట్టు. చెప్పకుండా ఉన్నవే వేయించేసుకుంటే ఏ గొడవా ఉండదు. నెమ్మదిగా వెళితే ఏమవుతుంది. నెమ్మదిగా, ముప్ఫైలో, బ్రేకు తొక్కకుండా. జూన్‌లో లైసెన్సు వచ్చింది తనకి, అంతవరకూ అది లేకుండా వీధుల్లో తిప్పడమే, ఎండలో తప్ప కనుమ దాటి ఎరగదు. రేపు వెనక సీట్లో బెగిమై, ప్రమాణంగా? ప్రమాణంగా. ఛీ. ఇలాంటి ఆలోచన రావడానికి మనసుకి సిగ్గుండాలి. ఎసెన్‌కి వారం నుంచి బాగాలేదు, అక్కని చూడాలంటున్నాడట, రేపు వెళ్ళకపోతే మళ్ళీ చూస్తామో లేదో, వెళ్ళాల్సిందే. నడపాల్సింది తనే. సగిన్ నడపడు. ఆ జనవరి తర్వాత లారీ తాళాలు యజమానికి ఇచ్చేసి, బెగిమై చదివే బడిలో కొలిమి దగ్గర బొగ్గు ఎగదోసే పనిలో చేరాడు. పిల్లకి అదొక గొప్ప, మా నాన్న మా బడంతా వెచ్చగా ఉంచుతాడు అని చెప్పుకుంటుంది. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఊరుకుంటారా, భార్య నడుపుతుంటే సగిన్ వెనక కూర్చోవడం చూసి, ఏం బావా, టికెట్టు తీసుకున్నావా అంటారు. అతను నవ్వుతాడు. ఎదురొచ్చేవాళ్ళకి దారిచ్చి, రోడ్డు దిగి పొలం గట్టు మీద నడిచే మనిషి నవ్వినట్టు నవ్వుతాడు. ఆ చేతులు ఏ తప్పూ చెయ్యలేదని చెప్పగల మనిషి ఈ లోకంలో తనొక్కతే, ఆ ఒక్కతీ నోరు కుట్టుకుని కూర్చుంది.

"ఏమంటాడు ఉస్తా?" అంది అత్తగారు వెనక నుంచి. "రేపు మెల్లిగా నడుపు తల్లీ. నువ్వే నయం. వాడి చేతిలో నా ప్రాణం మళ్ళీ పెట్టను, కన్నకొడుకైనా సరే. చిన్నప్పుడూ అంతే, గుర్రం మీద నిద్రపోయేవాడు. వాళ్ళ నాన్న చెబుతూనే ఉండేవాడు, వీడు కళ్ళు తెరుచుకుని నిద్రపోతాడే అని." ఆవిడ కురుత్ కొరికిన చప్పుడు. ఆ రోజు తర్వాత ముందు సీట్లో ఎక్కడం మానేసింది ఆవిడ, మెడ సాచి చూడ్డం మానేసింది, వెనక మూల ముడుచుకుని కూర్చుంటుంది, సగిన్ ఉన్నప్పుడు కూడా ఈ మాటలే, అతను వినిపించుకోనట్టు కిటికీలోంచి చూస్తాడు. నాలుక కొసకి వచ్చింది, అపా, ఆయన నిద్రపోలేదు. వచ్చి, వెనక్కి పోయింది. ముందు ఆయనకి చెప్పాలి. ఆయనకి చెప్పకుండా ఆవిడకి ఎలా చెబుతుంది. ఫోను తీసింది. టైర్ల గురించి అడుగుదాం, అక్కణ్ణుంచి ఎలాగోలా మాట కలుస్తుంది. దిగి బండి ముందుకి వెళ్ళి, చలిలో నిలబడి చేసింది.

"ఏంటి, మొదలెట్టారా?" వెనకాల కొలిమి హోరు, పారతో బొగ్గు గీకిన చప్పుడు.

"ఇంకా లేదు. ఇరవయ్యోది నడుస్తోంది. ఇక్కడ నాలుగు రకాలు చూపిస్తున్నాడు, నాకేమీ తోచట్లేదు. మేకులున్నవా, మెత్తవా..."

"దోలోన్‌కైతే మేకులున్నవే. గొప్పవి అక్కర్లేదు, మామూలువి చాలు," అన్నాడు సగిన్. ఒక పార బొగ్గు కొలిమిలో పడింది. "కాకపోతే ఈసారి నాలుగూ తీసుకో."

కాళ్ళ కింద మంచు కిర్రుమంది, లేదా తను కదలనే లేదేమో. ఈసారి. ఎంత మామూలుగా అన్నాడు. ఉప్పు కొద్దిగా తగ్గించు అన్నట్టు అన్నాడు. ఉత్త చేత్తో మంచు తుడుస్తున్న ఆ వీపు, ఆ చాలాసేపు, కొట్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండూ రెండూ, అన్నీ ఒకేసారి వచ్చి నిలబడ్డాయి, ఇంతకాలం ఎక్కడికీ పోలేదన్నట్టు. "మీకు తెలుసా," అంది.

"ఆ రోజే చూశాగా."

"మరి నా తప్పే అని ఎందుకన్నారు? ఇన్నాళ్ళూ అందరూ అన్ని మాటలంటుంటే..."

"నా తప్పే కదా. పధ్నాలుగేళ్ళు, ఏ కనుమ ఎక్కినా ముందు దిగి బండి చుట్టూ తిరిగి నాలుగూ తాకి చూసి గానీ ఎక్కేవాణ్ణి కాదు. ఆ ఒక్కరోజూ తిరగలేదు."

"ఎందుకు తిరగలేదు?"

"నువ్వు మార్పించానన్నావుగా," అన్నాడు. కోపం లేదు అందులో, దెప్పుడు లేదు, ఉంటే ఎంతో బాగుండును. తర్వాత, బొగ్గు దించే లారీ వచ్చింది, ఉంటాను, అని పెట్టేశాడు.

చలికి చెంపలు మండాయి, అప్పుడు తెలిసింది ఏడుస్తున్నట్టు. హారన్ల మధ్య, ఇంతమంది మగాళ్ళ ముందు. తుడుచుకోలేదు. పది నెలలు అతను స్టీరింగు ముట్టుకోనిది చేతుల మీద నమ్మకం పోయి అనుకుంది. కాదు. ఆమె మాట నమ్మి బండి చుట్టూ తిరక్కుండా ఎక్కేశాడు, ఆ నమ్మినందుకు తన్ను తను వదల్లేకుండా ఉన్నాడు. దీనికి ఏం మందు ఇస్తుంది తను, ఏ బీరువాలోంచి తీసి ఇస్తుంది. వెనక తలుపు తీసి అత్తగారి పక్కన, టైరు ఖాళీ చేసిన చోట కూర్చుంది. ఆవిడ కంగారుపడింది, ఏమ్మా, ఏమైంది, ఎసెన్‌కేమైనా? కాదు అపా. ఎసెన్‌కేమీ కాలేదు. ఆ రోజు టైర్లు నాలుగూ కొత్తవి కావు. ముందు రెండే. రెండింటి డబ్బు కోటుకి పోయింది. వెనకవి అరిగి నున్నబడ్డవి, అందుకే తిరిగింది. బెగిమై వాళ్ళ నాన్న కునుకు తియ్యలేదు, ఆయనది ఏ తప్పూ లేదు. నేను ఆసుపత్రిలో మీకు అబద్ధం చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆగకుండా చెప్పేసింది, ఆగితే మళ్ళీ మొదలెట్టలేనని తెలుసు.

అత్తగారు కురుత్ నమలడం ఆపేసింది. బయట ఎవరో ఇరవై ఒకటీ అని అరిచారు. "పది నెలలు," అంది ఆవిడ చివరికి. "పది నెలలు నా చేత నా కొడుకుని తిట్టించావే. అన్నం పెడుతూ తిట్టాను. వాడి కూతురి ముందు తిట్టాను. ఒక్కసారి నా నోరు నొక్కలేకపోయావా నువ్వు?" అనార్‌కుల్ తల వంచుకుంది. ఇంకా తిట్టాలి, ఇంకా. కానీ ఆవిడ ఆగిపోయింది, శాలువా కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ. "ఆ కోటు," అంది, "ఎసెన్ ఒక్క పూట కూడా వేసుకోలేదు తెలుసా. వేసవిలో వాళ్ళ వియ్యంకుడికి కప్పేశాడు. కవరు కూడా అదే. నేను అక్కడే ఉన్నాను, చూశాను, ఏమీ అనలేదు. ఏమనను, నేను మాత్రం అలా ఎన్ని కప్పలేదు. ఇప్పుడది ఏ ఊళ్ళో ఎవరి పెట్టెలో ఉందో." తర్వాత ముక్కు చీది, గట్టిగా, మామూలు గొంతుతో, "ఎవరికీ చలి ఆపని కోటు," అంది. ఇద్దరూ ముందు సీటు వీపు వైపు చూస్తూ కూర్చున్నారు, ఇరవై రెండు దాకా.

చైనావి నాలుగూ బిగిస్తున్నంతసేపూ అనార్‌కుల్ అక్కడే నిలబడి ఒక్కో చక్రమూ ఎక్కడం చూసింది. నాలుగంకెలు చదివింది, నాలుగింటి మీదా. ఈ ఏటివే. కాసిమ్ విసుక్కున్నాడు, నేనేం పాతవి అంటగడతానా ఎజె అని. బండి జాకీ దిగేసరికి గేటు దగ్గర సగిన్ నిలబడి ఉన్నాడు, బొగ్గు మసి అంటిన కోటుతో, టోపీ చేత్తో పట్టుకుని, వంతెన మీద నుంచి నడిచొచ్చినట్టున్నాడు. ఆమె ఎదురెళ్ళింది. "నాలుగూ కొత్తవే," అంది.

అతను తల ఊపి, ఆమెని దాటుకుని వెళ్ళాడు. ముందు కుడి చక్రం దగ్గర వంగి చేత్తో తాకి చూశాడు, ముందు ఎడమది, వెనక ఎడమది, వెనక కుడిది, ప్రతి దాని దగ్గరా ఆగి, మసి చేత్తో మంచు తుడిచి, మేకుల మీద వేలు నడిపి. ఒక్కదాన్నీ వదల్లేదు. ఆమె మాట మీద ఒక్కదాన్నీ వదల్లేదు. అది చూసి ప్రాణం చివుక్కుమనలేదంటే అబద్ధం, ఇక అబద్ధాలు చాలు. అతను చుట్టూ తిరిగొచ్చి చెయ్యి చాచాడు. ఆమె ఆ మసి అరచేతిలో తాళంచెవి పెట్టింది, తను వెనక సీట్లోకి వెళ్ళి కూర్చుంది.

అత్తగారు అప్పటికే వెనక తలుపు తీసుకుని దిగుతోంది, మోకాలు పట్టుకుని, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, చిన్నగా మూలుగుతూ. బండి చుట్టూ ఆవిడా వచ్చి, ముందు ఎడమ తలుపు తీసి, ఆ సీట్లో కూర్చుంది. కొడుకు వైపు చూడలేదు. అతని నల్లటి చేతి మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది. గేటు దగ్గర ఇసుక లారీ ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. సగిన్ బండి తీసి దాని వెనక ఆపాడు, ఆగాడు. ఆవిడ అద్దం దించి, మెడ బయటికి సాచి, రోడ్డు ఆ కొస దాకా చూసింది.

"ఖాళీయేరా," అంది. "పోనీ."